రెడ్డింగ్ కాంపిటిషన్ షెల్ హోల్డర్ సెట్: ఎవరు కొనాలి, ఎవరికి అక్కర్లేదు

ముందే చెప్పేస్తా, ఈ సెట్ నాకు బాగా నచ్చింది. పేలిన తూటాల ఇత్తడి గొట్టాల్ని, అంటే కేసుల్ని, ఇంట్లోనే మళ్ళీ తూటాలుగా లోడ్ చేసుకునేవాళ్ళ పనిముట్టు ఇది. నా 308 తూటా వాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి షాట్‌కీ బోల్ట్‌ని చేత్తో తెరిచి మూసేది) కోసం లోడ్ చేసే ప్రతి కేసూ ఇప్పుడు దీని మీదుగానే వెళ్తోంది. అయినా అందరూ కొనండి అని మాత్రం అనను. ఎందుకంటే ఇది చేసే పని ఒక్కటే, ఆ ఒక్క పని మీకు కావాలో వద్దో తేలాలంటే సైజింగ్ చేసేటప్పుడు, అంటే పేలి ఉబ్బిన కేస్‌ని నొక్కి మళ్ళీ చిన్నది చేసేటప్పుడు, దానికి అసలు ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి, అది డబ్బా మీద రాసి ఉండదు, షాపులో అడిగినా ఓపిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ.

రెడ్డింగ్ న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్‌లో ఉన్న పాత కంపెనీ, 1946లో మొదలైంది. సెట్‌లో ఐదు షెల్ హోల్డర్లు వస్తాయి. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా, షెల్ హోల్డర్ అంటే ప్రెస్ ర్యామ్ (లివర్ నొక్కితే పైకి లేచే కడ్డీ) తల మీద కూర్చునే చిన్న ఉక్కు ముక్క. కేస్ అడుగు అంచుని పట్టుకుని డైలోకి, అంటే కేస్‌ని నొక్కే ఉక్కు అచ్చులోకి, తోసేదీ, మళ్ళీ బయటికి లాగేదీ అదే. మామూలు హోల్డర్‌లో కేస్ అడుగు ఆనే చోటి నుంచి హోల్డర్ పై ముఖం దాకా ఎత్తు 0.125 అంగుళం. ఈ ఐదింటిలో ఆ ఎత్తు వరసగా 0.002, 0.004, 0.006, 0.008, 0.010 అంగుళం ఎక్కువ, ఏది ఎంతో దాని మీదే ఉంటుంది. ఆ ఎత్తు ఎంత ఎక్కువైతే కేస్ అంత తక్కువగా డైలోకి వెళ్తుంది, షోల్డర్ (కేస్ నడుము నుంచి బుల్లెట్‌ని పట్టుకునే నెక్ వైపు సన్నబడే భుజం) అంత తక్కువ వెనక్కి జరుగుతుంది. తిప్పేది లేదు, కదిలేది లేదు, పాడయ్యేదీ లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం రాస్తున్నది. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఇక్కడ కూడా హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీయే కాదు, తూటాలు దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఆ అడ్డు లేదు. రూమ్మేట్ చేస్తున్నాడు కదా అని మొదలుపెట్టకండి, ముందు మీ స్టేటస్ చూసుకోండి.

ఇక అసలు సంగతి. తూటా పేలినప్పుడు ఇత్తడి కేస్ ఉబ్బి చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడలకి అంటుకుంటుంది, ఒత్తిడి పోగానే కాస్త ముడుచుకుని వదులుతుంది. అంటే మీ రైఫిల్‌లో పేలిన కేస్ మీ చాంబర్‌కి అచ్చు అన్నమాట. దాన్ని మళ్ళీ లోడ్ చేయాలంటే డైలో నొక్కి కాస్త చిన్నది చేయాలి, లేకపోతే రెండు మూడు సార్లు కాల్చాక బోల్ట్ పడటం కష్టమవుతుంది. ప్రశ్న ఎంత చిన్నది చేయాలన్నదే. 308 లాంటి తూటాకి హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖం నుంచి కేస్‌ని చాంబర్ ఆపే చోటు దాకా దూరం) షోల్డర్ మీద కొలుస్తారు. అమెరికాలో ఈ కొలతలు ఖాయం చేసే సామీ లెక్క ప్రకారం 308 చాంబర్‌కి గో గేజ్ (దీని మీద బోల్ట్ మూసుకోవాలి) 1.630 అంగుళాలు, నో-గో గేజ్ (దీని మీద మూసుకోకూడదు) 1.634. అంటే మంచి రైఫిళ్ళ మధ్యే నాలుగు వెయ్యోవంతుల తేడా ఉండొచ్చు. డై చేసేవాడికి మీ రైఫిల్ ఏదో తెలియదు కాబట్టి అన్నిటికన్నా చిన్న చాంబర్‌లో కూడా పట్టేలా డై చేస్తాడు. దాన్ని కిందిదాకా దింపి, మామూలు హోల్డర్‌కి గట్టిగా ఆనించి సైజ్ చేస్తే కొన్ని రైఫిళ్ళలో షోల్డర్ ఆరో, ఎనిమిదో వెయ్యోవంతులు వెనక్కి పోతుంది. బోల్ట్ యాక్షన్‌కి కావాల్సింది ఒకటి రెండు వెయ్యోవంతులు, సెమీ ఆటో అయితే మూడు నుంచి ఐదు. రెండు వెయ్యోవంతులంటే దాదాపు ఒక సన్నటి తల వెంట్రుక మందం.

ఎక్కువ వెనక్కి జరిగితే ఏమైంది, కాలుతోంది కదా అనుకునేవాళ్ళున్నారు. ఫైరింగ్ పిన్ కొట్టగానే కేస్ ముందుకు జరిగి షోల్డర్ చాంబర్‌కి ఆనుతుంది, ఒత్తిడి పెరిగేసరికి ముందు భాగం గోడని పట్టేస్తుంది, వెనక భాగం మాత్రం ఖాళీగా ఉన్న మేర బోల్ట్ ముఖం దాకా సాగుతుంది. ఆ సాగేది అడుక్కి కొంచెం పైన, ఒకే చోట. ప్రతిసారీ అక్కడే పల్చబడి చివరికి కేస్ తల విడిపోతుంది. బయట మెరిసే గీత ఒకటి చుట్టూ కనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు, అందుకే పేపర్ క్లిప్ కొసని వంచి కేస్ లోపల గోడ వెంట గీస్తే గుంట తగులుతుందేమో చూసుకోవాలి. తల విడిపోతే వేడి గ్యాస్ మన వైపు రావచ్చు, కాబట్టి గురి సంగతి తర్వాత, ముందు కళ్ళూ మొహం ముఖ్యం. ఈ ఒక్క కారణానికే షోల్డర్ బంప్, అంటే సైజింగ్‌లో షోల్డర్ వెనక్కి జరిగే దూరం, కొలిచి పెట్టుకోవడం ప్రతి ఒక్కరూ చేయాల్సిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

అలా అయితే డైని కాస్త పైకి తిప్పుకుంటే పోతుంది కదా, ఈ హోల్డర్లు ఎందుకు? మంచి ప్రశ్న, చాలామంది చేసేది అదే. డై మర అంగుళానికి 14 చుట్లు, అంటే ఒక్క పూర్తి చుట్టుకి డై దాదాపు 0.071 అంగుళం కదులుతుంది. రెండు వెయ్యోవంతులు కావాలంటే సుమారు పది డిగ్రీలు తిప్పాలి, గడియారంలో రెండు నిమిషాల గీతలు కూడా లేవు. అంత తిప్పి లాక్ రింగ్ బిగించేటప్పుడే డై ఇంకాస్త తిరుగుతుంది. పైగా డై హోల్డర్‌కి ఆనకుండా గాల్లో ఉన్నప్పుడు, కేస్ ఎంత గట్టిగా ఎదురు నెడితే ప్రెస్ అంత సాగుతుంది. మెత్తటి కేస్ ఒకలా, గట్టిపడిన కేస్ ఇంకోలా. లివర్ కింద దాకా వచ్చిందని చెయ్యి చెప్తుంది గానీ కేస్ ఎక్కడ ఆగిందో చెప్పదు.

ఈ సెట్ ఎందుకు పని చేస్తుందంటే డై ప్రతిసారీ హోల్డర్‌కి గట్టిగా ఆనుతుంది కాబట్టి. ప్రెస్‌లో ఉన్న వదులంతా అక్కడ తీరిపోతుంది, కేస్ ఎక్కడ ఆగాలో చేతి బలం కాకుండా ఉక్కు మీద ఉక్కు నిర్ణయిస్తుంది. మొదట 0.010 హోల్డర్ పెట్టి, డైని దానికి ఆనేదాకా దింపి లాక్ చేసి ఒక కేస్ సైజ్ చేయండి. కొలవండి. చాలకపోతే 0.008, తర్వాత 0.006, అలా దిగండి. డైని ఇక ముట్టుకోనక్కర్లేదు. ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది, కంగారు పడకండి. పెద్ద నంబర్ హోల్డర్‌తో సైజ్ చేసిన కేస్ కొన్నిసార్లు పేలిన కేస్ కంటే పొడుగ్గా వస్తుంది. డై ముందు కేస్ నడుముని నొక్కుతుంది, నొక్కిన ఇత్తడికి పోవడానికి వేరే దారి లేక షోల్డర్‌ని ముందుకి తోస్తుంది. డైలోని షోల్డర్ దాకా కేస్ చేరాకే అది వెనక్కి రావడం మొదలవుతుంది. సగం సైజ్ చేసిన కేస్ చాంబర్‌లో బిగుసుకోవడానికి కారణం చాలావరకు ఇదే.

కొలిచేది లేకుండా మాత్రం ఈ సెట్ దండగ. హార్నడీ హెడ్‌స్పేస్ కంపారేటర్ కిట్ (కాలిపర్‌కి తగిలించి షోల్డర్ దాకా కొలిచేది) గానీ అలాంటిదే ఇంకేదైనా గానీ ముందు కొనండి, 308కి అందులో 0.400 బుషింగ్ (షోల్డర్ మీద ఆనే రింగు) వాడతారు, 6.5 క్రీడ్‌మోర్ అనే తూటాకి కూడా అదే. అది ఇచ్చేది అసలు హెడ్‌స్పేస్ కాదు, పేలిన కేస్‌కీ సైజ్ చేసిన కేస్‌కీ మధ్య తేడా, మనకి కావాల్సింది కూడా ఆ తేడానే. కొలిచే ముందు పాత ప్రైమర్ (కేస్ అడుగున ఉండి మందుని అంటించే చిన్న బిళ్ళ) తీసేయండి, ఫైరింగ్ పిన్ దెబ్బకి చుట్టూ లేచిన అంచు వల్ల కొలత తప్పొస్తుంది. కొత్త బ్రాస్ ఒక్కసారి పేలితే చాంబర్ అంతా నిండకపోవచ్చు, రెండు మూడు సార్లు పేలిన కేస్‌ని ఆధారంగా పెట్టుకోవడం మంచిది. ఓపిక ఉన్నవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి నెట్టేది) తీసేసి, సైజ్ చేసిన ఖాళీ కేస్ పెట్టి బోల్ట్ ముందుకి తోసి హ్యాండిల్ వదలండి. దానంతట అది కిందికి జారిపోతే సరిపోయినట్టు, మధ్యలో ఆగితే ఇంకో మెట్టు దిగాలి.

గురి ఎంత మెరుగైంది అన్నదానికి సూటిగా చెప్తాను. వంద గజాల్లో మీరు తేడా చూడలేరు. షోల్డర్ ఒక కేస్‌లో రెండు, ఇంకో కేస్‌లో నాలుగు వెయ్యోవంతులు ఉన్నంత మాత్రాన టార్గెట్ మీద రంధ్రాల గుంపు చెదిరిపోదు, అక్కడ బ్యారెల్, బుల్లెట్, ట్రిగ్గర్ మీద వేలు, ఇవే పెద్దవి. నేను ఆడేది ఎఫ్-టీఆర్ అనే దూరపు గురి పోటీ, అందులో 308 గానీ 223 గానీ మాత్రమే వాడాలి, ఫీనిక్స్ దగ్గర బెన్ ఏవరీ లాంటి రేంజ్‌లో వెయ్యి గజాల లైన్ మీద పడుకుని కాల్చాలి. వెయ్యి గజాల దగ్గర పది రింగ్ పది అంగుళాలు, మధ్యలో ఎక్స్ రింగ్ ఐదు. రెండు తూటాల వేగంలో సెకనుకి 30 అడుగుల తేడా వస్తే 308 బుల్లెట్ ఆ దూరంలో నిలువునా ఎనిమిది అంగుళాల పైనే తేడాగా పడుతుంది, అంటే గాలి సరిగ్గా చదివినా తొమ్మిదిలోకి పోవచ్చు. వేగం ఒకేలా రావాలంటే మందు ఒకేలా తూచాలి, ప్రైమర్ ఒకేలా అంటుకోవాలి, నెక్ బుల్లెట్‌ని ఒకేలా పట్టుకోవాలి. షోల్డర్ ఒకేలా ఉండటం ఇందులో ఒక భాగం. ఫైరింగ్ పిన్ దెబ్బలో కొంత కేస్‌ని ముందుకి తోయడానికే ఖర్చవుతుంది, ఆ జరిగే దూరం అన్నిటిలో ఒకటే అయితే ప్రైమర్ మీద పడే దెబ్బ కూడా ఒకేలా ఉంటుంది.

నాకు మాత్రం అసలు లాభం కనిపించింది బోల్ట్ హ్యాండిల్ దగ్గర. రైఫిల్ ముందు బైపాడ్ (రెండు కాళ్ళ స్టాండ్) మీద, వెనక ఇసుక సంచి మీద ఉంటుంది, ఇరవై షాట్ల స్ట్రింగ్‌లో అది ఎంత తక్కువ కదిలితే అంత మంచిది. ఒక తూటాకి బోల్ట్ మెత్తగా పడి, తర్వాతిదానికి అరచేత్తో నొక్కాల్సి వస్తే రైఫిల్ సంచి మీద జరుగుతుంది, మళ్ళీ సర్దుకోవాలి, ఈలోపు గాలి మారిపోతుంది. ఇప్పుడు అన్నీ ఒకే బరువుతో పడుతున్నాయి. స్కోర్ కార్డ్‌లో ఇది విడిగా కనిపించదు, కానీ కళ్ళు గాలి చూపించే జెండాల మీదే ఉంచగలుగుతున్నాను.

ఇక ఈ సెట్ చేయలేనివి, ఇక్కడే చాలామంది నిరాశ పడతారు. ఇత్తడి ప్రతి కాల్పుతో, ప్రతి సైజింగ్‌తో గట్టిపడుతుంది, గట్టిపడిన కొద్దీ డైలోంచి బయటికి రాగానే మళ్ళీ పాత ఆకారం వైపు సాగుతుంది. మూడో లోడింగ్‌లో రెండు వెయ్యోవంతులు ఇచ్చిన అదే హోల్డర్ ఏడో లోడింగ్‌లో ఒకటే ఇవ్వొచ్చు. అనీలింగ్ చేస్తే, అంటే నెక్, షోల్డర్ భాగాన్ని కొలత ప్రకారం వేడి చేస్తే ఇది సర్దుకుంటుంది, చేయకపోతే ఒకే లాట్‌లోని, అన్నేసార్లే పేలిన కేసుల్ని విడిగా పెట్టుకుని, హోల్డర్ ఒక మెట్టు మార్చుకుంటూ పోవాలి. రేంజ్‌లో ఏరుకొచ్చిన రకరకాల బ్రాస్ కలిపేస్తే ఏ హోల్డరూ ఏమీ చేయలేదు. నేను లపువా కంపెనీ బ్రాస్ వాడతాను, ధర ఎక్కువే, కానీ ఒక డబ్బాలోని కేసులన్నీ దాదాపు ఒకలాగే ప్రవర్తిస్తాయి.

లూబ్, అంటే కేస్ డైలో ఇరుక్కోకుండా పూసే జిడ్డు, దాని సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంపీరియల్ వ్యాక్స్ అయితే వేలికొసకి కనిపించీ కనిపించనంత తీసుకుని, కేస్ నడుము మీద రెండు వేళ్ళ మధ్య తిప్పి పూయాలి, షోల్డర్ మీదకి పోకూడదు, పోతే అక్కడ డైలో ఇరుక్కుని చిన్న సొట్ట పడుతుంది. స్ప్రే లూబ్ అయితే అందులోని ఆల్కహాల్ ఆరేదాకా ఆగాలి. తొందరపడి తడిగా ఉన్నవీ, ఆరినవీ కలిపి నొక్కితే కొలతలో ఒక వెయ్యోవంతు అటూ ఇటూ రావడం కాలిపర్ మీద స్పష్టంగా కనిపిస్తుంది, అదే డై, అదే హోల్డర్, అదే బ్రాస్. లూబ్ సమానంగా పూసి, లివర్ కిందికి వచ్చాక రెండు మూడు సెకన్లు ఆపితే ఆ తేడా బాగా తగ్గుతుంది. రూపాయి ఖర్చు లేని మెరుగు ఇది.

నెక్ విషయం ఈ సెట్ పరిధిలోకి రాదు గానీ చెప్పకుండా ఉండలేను. మామూలు ఫుల్ లెంగ్త్ డై (కేస్ మొత్తాన్ని నొక్కేది) నెక్‌ని అవసరానికి మించి నొక్కేసి, ఎక్స్‌పాండర్ బాల్‌తో మళ్ళీ లాగి పెద్దది చేస్తుంది. ఆ లాగడంలో నెక్ వంకర పోవచ్చు, అంత శ్రమపడి సెట్ చేసుకున్న షోల్డర్ కూడా ముందుకి రావచ్చు. అదే రెడ్డింగ్ వాళ్ళ టైప్ ఎస్ డైలో నెక్‌ని నొక్కే మార్చుకోగల రింగులు, అంటే బుషింగ్‌లు, ఒక్కో వెయ్యోవంతు తేడాతో దొరుకుతాయి, లోడ్ చేసిన తూటా నెక్ కొలిచి దానికంటే రెండు వెయ్యోవంతులు చిన్నది వేసుకుంటే ఎక్స్‌పాండర్ తీసేయొచ్చు. డబ్బు ఒక్కదానికే ఉంటే, డై కొత్తగా కొనేవాళ్ళు ఆ డై ముందు కొనండి, హోల్డర్లు తర్వాత.

సెట్‌లో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. మెట్లు రెండేసి వెయ్యోవంతులు, సరిగ్గా ఒకటిన్నర కావాలంటే దొరకదు, అలాంటప్పుడు డైని ఏ హోల్డర్‌కి ఎంత గట్టిగా ఆనించారన్న దానితో కాస్త సర్దుకోవాలి, అది మళ్ళీ చేతి మీదికే వస్తుంది. ఐదు ఉక్కు ముక్కలకి ఈ ధర ఎక్కువే, వీటిలో నేను నిజంగా వాడేవి రెండు, మిగతా మూడు డబ్బాలోనే ఉంటాయి, విడివిడిగా కావాల్సినవే తీసుకునే వీలుంటే ఎంతో బాగుండేది. ఇంకోటి, మీ డై మామూలు హోల్డర్‌కి ఆనించినా షోల్డర్ చాలినంత వెనక్కి రావడం లేదంటే ఈ సెట్ వల్ల లాభం లేదు, ఇవన్నీ బంప్ తగ్గించేవే గానీ పెంచేవి కావు. కొనేముందు ఇంట్లో ఉన్న హోల్డర్‌తో ఒక కేస్ సైజ్ చేసి కొలుచుకోండి. మూడు వెయ్యోవంతులకి మించి వెనక్కి పోతుంటేనే దీని గురించి ఆలోచించండి.

హంటింగ్‌కి సంవత్సరానికి ఒక డబ్బా లోడ్ చేసుకునేవాళ్ళు, మూడు వందల గజాలు దాటి కాల్చనివాళ్ళు కంపారేటర్ ఒక్కటి కొనుక్కుని డైని జాగ్రత్తగా సెట్ చేసుకుంటే చాలు. ఒకే డైతో రెండు 308 రైఫిళ్ళకి లోడ్ చేసేవాళ్ళకి మాత్రం ఇది వరం, డై కదపకుండా హోల్డర్ మార్చుకుంటే ఒక రైఫిల్ నుంచి ఇంకోదానికి మారిపోవచ్చు. ఆరు వందల గజాలు దాటి పోటీల్లో కాల్చేవాళ్ళు, పైన చెప్పిన కొలత కుదిరితే, కళ్ళు మూసుకుని కొనొచ్చు.

ఆర్డర్ పెట్టేటప్పుడు నంబర్ చూసుకోండి. 308, 6.5 క్రీడ్‌మోర్, 30-06 వాటికి నంబర్ 1 సెట్, 223కి నంబర్ 10. రాక్ చకర్ లాంటి మామూలు సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒకే పని చేసే) ప్రెస్‌లన్నిటిలో పడుతుంది. షెల్ ప్లేట్ (ఒకేసారి చాలా కేసుల్ని పట్టుకునే పళ్ళెం) ఉండే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లకి పనికిరాదు, ఫార్‌స్టర్ కో-యాక్స్ ప్రెస్‌లో కేస్‌ని పట్టుకునే ఏర్పాటే వేరు కాబట్టి దానికీ నేరుగా పడదు, అడాప్టర్ ప్లేట్ విడిగా తెప్పించుకోవాలి.